క్యాప్‌కు ముందు చిగురు సర్జరీ: క్రౌన్ లెంగ్తెనింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రూట్ కెనాల్ అయిపోయింది, ఇక క్యాప్ వేసేస్తారులే అనుకుని వెళ్తారు. డాక్టర్ పన్ను చుట్టూ ఒకసారి చూసి, "ముందు చిగురుకు చిన్న సర్జరీ చేయాలి" అంటారు. ఈ ప్రశ్నలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. చిగుళ్ల వైద్యం చేసేవాడిగా కుర్చీ పక్కన నిలబడి నేను మళ్లీ మళ్లీ వినేవి ఇవి. నవ్వితే చిగురు ఎక్కువగా కనబడుతోందని వచ్చేవాళ్ల సందేహాలు కూడా వీటిలోనే ఉన్నాయి.

క్రౌన్ లెంగ్తెనింగ్ అంటే పన్నును సాగదీస్తారా?

లేదు. పన్ను ఉన్నంతే ఉంటుంది. దాన్ని కప్పిన చిగురును, చాలాసార్లు ఆ చిగురు కింది ఎముకను కూడా కొంచెం తగ్గించి, లోపల దాగిన పంటిని బయటికి తెస్తారు. ఇక్కడ 'క్రౌన్' అంటే మనం వేయించుకునే క్యాప్ కాదు, చిగురు దాటి కనబడే పంటి భాగం. ఈ ఒక్క మాట దగ్గరే సగం మంది తికమక పడతారు.

నా పన్నుకు అది ఎందుకు కావాల్సి వచ్చింది?

పిప్పి చిగురు కిందికి దిగి ఉండొచ్చు. పన్ను చిగురు అంచు దగ్గర విరిగి ఉండొచ్చు. లేదా అరిగి అరిగి, క్యాప్ పట్టు నిలవనంత పొట్టిదై ఉండొచ్చు.

విరిగిన పన్ను సంగతి కాస్త వివరంగా చెప్తాను. పై దవడలో కోరపన్ను వెనక ఉండే పన్ను అనుకోండి. ఏదో గట్టిది కొరికినప్పుడు టక్కుమంది. అద్దంలో చూస్తే బయటి వైపు ఏమీ కానట్టే ఉంది. అంగిలి వైపు మాత్రం ఒక ముక్క చిగురును పట్టుకుని వేలాడుతోంది, నాలుకతో తోస్తే కదులుతోంది. ఆ ముక్క తీశాక చూస్తే, విరిగిన గీత ఏటవాలుగా చిగురు కిందికి దిగి ఎముక దగ్గర ఆగింది. అక్కడ రక్తం ఊరుతూనే ఉంటుంది. అంత తడిలో తీసిన కొలతలో అంచు సరిగ్గా రాదు. అంచు సరిగ్గా రాని క్యాప్ కింద మళ్లీ పిప్పి మొదలవుతుంది. అందుకే ఆ గీతను ముందు పొడిగా, కంటికి కనబడేలా పైకి తెచ్చుకోవాలి.

చిగురు ఒక్కటే కత్తిరిస్తే సరిపోదా? ఎముకను ఎందుకు ముట్టుకోవాలి?

అందరూ అడగాల్సిన ప్రశ్న ఇదే, అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

చిగురు పన్ను మీద ఊరికే వాలి ఉండదు, పన్నుకు అతుక్కుని ఉంటుంది. ఎముక అంచు నుంచి బయటికి వస్తే మొదట నార లాంటి కణజాలం పంటి వేరులో నాటుకుని ఉంటుంది. దాని పైన పల్చటి పొర ఒకటి పన్నుకు అంటుకుని ఉంటుంది. ఆ పైన, పన్నుకీ చిగురుకీ మధ్య చిన్న సందు. ఫ్లాస్ దారం దూరేది ఆ సందులోకే. 1961లో గార్జియులో, వెంట్జ్, ఓర్బన్ అనే ముగ్గురు మృతదేహాల దవడల మీద వీటిని కొలిచారు. సగటున నార భాగం 1.07 మిల్లీమీటర్లు, పొర 0.97, సందు 0.69 వచ్చాయి. అతుకు భాగాలు రెండూ కలిపితే సుమారు 2 మిల్లీమీటర్లు. దీన్నే చాలాకాలం 'బయొలాజిక్ విడ్త్' అన్నారు. 2017లో అంతర్జాతీయ నిపుణులు చిగుళ్ల జబ్బుల వర్గీకరణను సవరించినప్పుడు పేరు మార్చారు గానీ, కుర్చీ దగ్గర ఇప్పటికీ పాత పేరే వినబడుతుంది.

అవి సగటు లెక్కలే. మనిషి మనిషికీ, ఒకే నోట్లో పన్ను పన్నుకీ తేడా ఉంటుంది. కానీ ఎవరి కొలత ఎంతైనా, ఆ జాగాను శరీరం వదులుకోదు. మీరు చిగురు మాత్రమే కత్తిరించి, ఎముకను ఎక్కడున్నదాన్ని అక్కడే వదిలేస్తే, చిగురు కొన్ని నెలల్లో తన పాత ఎత్తుకు వచ్చేస్తుంది. ఎముక ఎక్కడుంటే చిగురు అక్కడి నుంచి లెక్క వేసుకుంటుంది. అందుకే క్యాప్ అంచు రావాల్సిన చోటుకీ ఎముకకూ మధ్య దాదాపు 3 మిల్లీమీటర్ల ఎడం ఉండేలా ఎముకను సరిచేస్తారు. రెండు అతుకుకు, ఒకటి సందుకు.

ఎముక ముందే తగినంత దూరంలో ఉండి, పైన చిగురు మాత్రమే ఎక్కువగా ఉంటే, అప్పుడు చిగురు కోస్తే చాలు. కోశాక కూడా గట్టి, గులాబీ రంగు చిగురు కనీసం 2 మిల్లీమీటర్లయినా మిగలాలన్నది సాధారణంగా పాటించే లెక్క. అది మిగలదనిపిస్తే కోయరు. చిగురును విప్పి, వేరు వైపుకు జరిపి కుడతారు.

ఇంత తతంగం లేకుండా క్యాప్‌నే చిగురు కిందికి దింపి వేసేయొచ్చుగా?

వేస్తారు కూడా. వేసిన వారం బాగానే ఉంటుంది. తర్వాత ఆ పన్ను చుట్టూనే చిగురు ఎర్రగా ఉబ్బుతుంది, బ్రష్ తగిలితే రక్తం వస్తుంది. పక్క పళ్ల దగ్గర ఏ బాధా ఉండదు. మందపాటి చిగురు ఉన్నవాళ్లలో ఆ వాపు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది, లోపల ఎముక నెమ్మదిగా కరుగుతుంది. పల్చటి చిగురైతే అంచు వెనక్కి జరిగి, క్యాప్ అంచు నల్లటి గీతలా బయటపడుతుంది.

ఇలాంటి వాళ్లకు "సరిగ్గా తోముకోవట్లేదు" అని చీవాట్లు పడుతుంటాయి. పాపం, వాళ్లు ఆ ఒక్క పన్నునే పదిసార్లు తోముతుంటారు. తప్పు బ్రష్‌ది కాదు. క్యాప్ అంచు అతుకు జాగాలో దిగబడి కూర్చుంది, అంతే.

క్యాప్ నిలవాలంటే ఎంత పన్ను మిగలాలి?

రోకలి చివర ఇనుప పొన్ను వేస్తారు కదా, కట్టె చీలకుండా. క్యాప్ కూడా పన్నుకు పొన్నులాగే పనిచేస్తుంది. అయితే పొన్ను పట్టుకోవడానికి కట్టె ఉండాలి. చిగురు దాటి చుట్టూ 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను మిగిలితేనే క్యాప్ దాన్ని బిగించి పట్టగలదు. ఫిల్లింగ్ ఎత్తు ఈ లెక్కలోకి రాదు. సొంత పన్నే ఉండాలి. అది లేకుండా వేరు లోపల పోస్టు (సన్నని కడ్డీ) పెట్టి, పైన సిమెంటుతో కట్టి క్యాప్ వేస్తే, నమిలే బలమంతా పోస్టు మీద పడుతుంది. కొన్నాళ్లకు క్యాప్ పోస్టుతో సహా ఊడి చేతిలోకి వస్తుంది, లేదంటే పంటి వేరు నిలువునా చీలుతుంది. చీలిన వేరును కాపాడటం దాదాపు అయ్యేపని కాదు.

ఎముక దగ్గర కావాల్సిన 3, దాని పైన ఈ 1.5 నుంచి 2 కలిపితే, ఎముక అంచు నుంచి సుమారు 4.5 నుంచి 5 మిల్లీమీటర్ల మంచి పన్ను కావాలి. ఎక్స్‌రే చూస్తూ డాక్టర్ మనసులో వేసుకునే లెక్క ఇదే.

నవ్వితే చిగురంతా కనబడుతోంది. ఈ సర్జరీతో పోతుందా?

కారణం చిగురైతే పోతుంది. పై పెదవి, దవడ కారణమైతే పోదు.

కొందరిలో పన్ను పూర్తిగా వచ్చాక కూడా చిగురు వెనక్కి జరగాల్సినంత జరగదు. ఎనామెల్ (పంటి గట్టి పైపొర) మీదే కప్పుకుని ఉండిపోతుంది. పళ్లు చతురస్రాకారంలో, పాలపళ్లలా పొట్టిగా కనబడతాయి. నిజానికి లోపల పూర్తి పొడవు పన్నే ఉంటుంది. 1977లో కాస్లెట్ బృందం వీటిని రకాలుగా విడదీసింది. ఆ విభజన ఇప్పటికీ పనికొస్తుంది. ఎనామెల్ ముగిసే గీతకు ఎముక కాస్త దూరంలో ఉంటే చిగురు ఆకారం సరిచేస్తే చాలు. ఎముక ఆ గీత దాకా వచ్చేసి ఉంటే ఎముకను కూడా తగ్గించాలి. ఈ సర్జరీతో బాగా మెరుగయ్యేది ఇలా చిగురు కప్పుకుపోయిన వాళ్లే.

పై దవడ ఎముకే నిలువుగా ఎక్కువ పెరిగి ఉంటే మాత్రం పెద్ద దవడ సర్జరీ గురించి మాట్లాడాల్సి వస్తుంది. పెదవి మరీ పైకి లేచేవాళ్లకు బోటాక్స్ ఇంజెక్షన్ కొన్ని నెలలు పనిచేస్తుంది, ఆ తర్వాత మళ్లీ వేయించుకోవాలి. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్, బీపీకి వాడే నిఫెడిపిన్, అమ్లోడిపిన్ లాంటి మందుల వల్ల కూడా కొందరికి చిగురు లావెక్కుతుంది. మందు మార్చే వీలుందేమో ఆ మందు రాసిన డాక్టర్‌ను అడగకుండా చిగురు కోయించుకుంటే, కొన్నాళ్లకు మళ్లీ అదే పరిస్థితి.

ఇంకో మాట. ఎనామెల్ ముగిసే గీత మీకు ఇప్పటికే చిగురు అంచు దగ్గరే ఉంటే, ఆపైన తగ్గించే ప్రతి మిల్లీమీటరూ వేరును బయటపెడుతుంది. వేరు పసుపు రంగులో ఉంటుంది, చల్లటిది తగిలితే జివ్వుమంటుంది. దాన్ని కప్పడానికి వినీర్లో (పంటి ముందు అతికించే పల్చటి పెంకులు) క్యాపులో వేయాలి. నవ్వు కోసం మొదలుపెట్టిన పని ఎన్ని పళ్ల దాకా పోతుందో ముందే అడిగి తెలుసుకోండి.

ఎంత తీయాలో ఎలా నిర్ణయిస్తారు?

నన్నడిగితే, అసలు పనంతా ఇక్కడే ఉంది.

ముందు పళ్ల విషయంలో లెక్క చిగురు నుంచి మొదలుకాదు, పెదవి నుంచి మొదలవుతుంది. పెదవి మామూలుగా ఉన్నప్పుడు, నవ్వినప్పుడు పంటి కొస ఎక్కడుండాలో ముందు తేలుస్తారు. అక్కడి నుంచి పైకి కొలుస్తారు. పై దవడ నడిమి పన్ను పొడవు సాధారణంగా 10 నుంచి 11 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. వెడల్పు పొడవులో 75 నుంచి 80 శాతం ఉంటే కంటికి ఇంపుగా అనిపిస్తుంది. ఆ ఆకారాన్ని అచ్చు మీద మైనంతో చేసి, దాన్నిబట్టి మీ పళ్ల మీద తాత్కాలికంగా అతికించి చూపిస్తారు. దాంతో ఫొటో దిగండి, మాట్లాడి చూడండి, నచ్చకపోతే చెప్పండి. ఎముక తీశాక "కొంచెం తక్కువ చేయాల్సింది" అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

తర్వాత ఎముక ఎక్కడుందో చూస్తారు. మత్తు ఇచ్చాక, మిల్లీమీటర్ గీతలున్న సన్నని ప్రోబ్‌ను చిగురు గుండా ఎముక తగిలేదాకా నొక్కుతారు. గట్టిగా తగిలి ఆగిన చోట గీత చదివి, పక్కనున్నవాళ్లకు అంకె చెప్తారు. ఒక్కో పన్నుకు మధ్యలో, రెండు పక్కలా. "మూడు, రెండు, మూడు" అని వినబడుతుంటే అది మీ ఎముక లెక్క అన్నమాట. అద్దంలో ఒకేలా కనబడే రెండు పళ్ల కింద ఎముక ఒకేలా ఉండకపోవచ్చు.

నొప్పిగా ఉంటుందా?

చేస్తున్నప్పుడు ఉండదు. మత్తు ఇంజెక్షన్ చురుక్కుమంటుంది. ఆ మందులో అడ్రినలిన్ కలిపి ఉంటే కొందరికి ఒకటి రెండు నిమిషాలు గుండె దడదడలాడుతుంది. టెన్షన్ పడకండి, దానంతట అదే తగ్గుతుంది. గుండె జబ్బు ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

ఆ తర్వాత ఒత్తిడి తెలుస్తుంది, శబ్దం వినబడుతుంది. చిగురును ఎముక మీద నుంచి పుస్తకం పేజీలా తెరుస్తారు. నీళ్లు చిమ్ముతూ, గిర్రున తిరిగే డ్రిల్ మొన బర్‌తో, చివర్లో చిన్న ఉలిలాంటి చేతి పరికరాలతో ఎముక అంచును గీస్తారు. గరగరమనే ఆ చప్పుడు తలలోపల నుంచి వస్తున్నట్టుంటుంది. చాలామంది బెదిరేది దానికే, నొప్పికి కాదు. ఒకటి రెండు పళ్లకైతే గంట అటూఇటూ. ఇంటికెళ్లాక రెండు మూడు రోజులు వాపు, సలుపు ఉంటాయి, రాసిచ్చిన మాత్రలకు తగ్గుతాయి.

ఒక్క పన్నుకే కదా, పక్క పళ్ల దగ్గర కూడా తీస్తామన్నారేం?

ఒక్క పన్ను చుట్టూనే ఎముక గుంటలా తవ్వితే చిగురు ఆ గుంటలోకి దిగదు, వంతెనలా పైనే ఉండిపోతుంది. కింద పాచి చేరే జేబు మిగులుతుంది. ఎముక వాలు సాఫీగా పక్క పన్నులోకి కలవాలి. బాగున్న పక్క పన్ను దగ్గర ఎముక పోవడం ఈ సర్జరీలో నాకు నచ్చని సంగతి. నవ్వులో కనబడే చోట ఒకే పన్ను విరిగినప్పుడు వేరే దారి చూడమనేది అందుకే.

ఆ వేరే దారులు ఏమిటి?

మొదటిది, పన్నును బయటికి లాగడం. తీగ, బ్రాకెట్లు పెట్టి విరిగిన వేరును వారాల తరబడి నెమ్మదిగా చిగురు దాటిస్తారు. మధ్యలో చిగురు నారలను అప్పుడప్పుడూ కోస్తుంటారు, లేకపోతే ఎముక, చిగురు కూడా దాంతోపాటు వచ్చేస్తాయి. లాగాక కదలకుండా కొన్నాళ్లు కట్టి ఉంచాలి. ఓపిక కావాలి, కానీ పక్క పళ్లు క్షేమం.

రెండోది, లోతుగా ఉన్న అంచును పంటి రంగు ఫిల్లింగ్ పదార్థమైన కాంపోజిట్‌తో పైకి కట్టుకురావడం. సర్జరీ ఉండదు. అంచు ఎముకకు మరీ దగ్గరగా లేనప్పుడు, ఆ చోటును పూర్తిగా పొడిగా ఉంచగలిగినప్పుడు మాత్రమే కుదురుతుంది.

మూడోది, పన్ను తీసేసి ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ వేరు) లేదా బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో కట్టే పన్ను). కొన్నిసార్లు అదే నిజాయితీ అయిన సలహా.

ఎవరికి చేయకూడదు?

వేరు పొట్టిగా ఉన్న పన్నుకు చేయకూడదు. ఎముకను తగ్గించాక లోపల మిగిలే వేరు, బయట కనబడే పన్నుకు కనీసం సమానంగానైనా ఉండాలి. దవడ పళ్లలో వేర్లు చీలే చోటు ఎముక అంచుకు దగ్గర్లోనే ఉంటే, తీసిన కొద్దీ ఆ చీలిక బయటపడుతుంది. ఆ సందులో ఏ బ్రష్షూ తిరగదు. క్యాప్ కోసం పన్నును కాపాడబోయి, చీలికలో జబ్బు తెచ్చిపెట్టినట్టవుతుంది.

చిగుళ్ల జబ్బు ఉంటే ముందు అది తగ్గాలి. షుగర్ అదుపులో లేకపోతే వాయిదా వేస్తారు. సిగరెట్ తాగేవాళ్లకు పుండు మానడం ఆలస్యమవుతుంది. ఎముకల బలానికి బిస్‌ఫాస్ఫొనేట్ మందులు, ముఖ్యంగా ఇంజెక్షన్లు, తీసుకుంటున్నవాళ్లు తప్పక చెప్పాలి. దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం వాళ్లకు ఉంది. రక్తం పలచబడే మాత్రలను మీ అంతట మీరు ఆపేయకండి, అవి రాసిన డాక్టర్‌ను అడగండి.

ముందు రూట్ కెనాలా, సర్జరీనా?

మామూలుగా పిప్పి మొత్తం తీసి, పన్ను నిలుస్తుందో లేదో తేల్చుకోవడం మొదటి పని. తర్వాత అవసరమైతే రూట్ కెనాల్, తాత్కాలిక క్యాప్, ఆపైన సర్జరీ, మానాక అసలు క్యాప్. నొప్పి పెడుతున్న పన్నుకు రూట్ కెనాల్ ఆపి సర్జరీ దాకా ఆగమనడం ఉండదు.

లేజర్‌తో కోత, కుట్లు లేకుండా చేస్తారట?

లేజర్లన్నీ ఒకటి కావు. డయోడ్ లేజర్ చిగురును మాత్రమే కోస్తుంది, రక్తం తక్కువ వస్తుంది. ఎముక మీద దానికి పని లేదు. ఎర్బియం లేజర్ ఎముకనూ తీయగలదు. అయితే చిగురు తెరవకుండా తీస్తే, కంటికి కనబడకుండా పనిచేస్తున్నట్టే. కాబట్టి 'లేజరా, కత్తా' అని కాదు, 'నా ఎముక కొలిచారా, ఎంత వచ్చింది' అని అడగండి.

తర్వాత జాగ్రత్తలు?

మొదటి రోజు బయటి నుంచి ఐస్ పెట్టండి. వేడివి, కారంగా ఉన్నవి, గట్టివి వద్దు. పెదవి లాగి అద్దంలో చూసుకోవాలనిపిస్తుంది, చూడొద్దు, కుట్లు లాగుతాయి. అక్కడ బ్రష్ పెట్టొద్దన్నన్ని రోజులు క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌తో పుక్కిలించాలి. ఎక్కువ రోజులు వాడితే పళ్ల మీద గోధుమ రంగు మరకలు పడతాయి, క్లీనింగ్‌లో పోతాయి. కుట్లు వారం నుంచి రెండు వారాల మధ్య తీస్తారు. గట్టిగా నొక్కి పట్టినా రక్తం ఆగకపోతే, మూడో రోజు తర్వాత వాపు తగ్గకపోగా పెరుగుతుంటే, జ్వరం వస్తే వెంటనే ఫోన్ చేయండి.

అసలు క్యాప్ ఎప్పుడు వేస్తారు?

వెనక పళ్లకు 6 నుంచి 8 వారాలు. నవ్వులో కనబడే పళ్లకు కనీసం 3 నెలలు, పల్చటి చిగురుంటే 6 నెలల దాకా. పెళ్లి ముహూర్తం పెట్టుకుని, నెల ముందు వచ్చేవాళ్లకు ఇది చెప్పడం ఇబ్బందే. చిగురు అంచు ఇంకా కదులుతుండగా క్యాప్ వేస్తే, అంచు తర్వాత ఎక్కడ ఆగుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఆలోగా తాత్కాలిక క్యాపులతో గడపొచ్చు, ఫొటోల్లో తేడా తెలియదు.

చిగురు మళ్లీ పెరుగుతుందా?

కొంత పెరుగుతుంది. మందపాటి చిగురున్నవాళ్లలో ఎక్కువ. ఎముకను తగినంత తీయకుండా కుట్టేసిన చోట ఇంకా ఎక్కువ.

పదహారేళ్ల అమ్మాయికి చేయించొచ్చా?

ఆగడమే మంచిది. ఆ వయసులో చిగురు దానంతట అదే వెనక్కి జరుగుతూ ఉండొచ్చు. 18, 20 దాటాక మళ్లీ కొలిపించండి. కొందరికి అప్పటికి సర్జరీ అవసరమే ఉండదు.

కుట్లు తీశాక పళ్ల మధ్య నల్లటి సందులు కనబడుతున్నాయి. పాడైపోయిందా?

కంగారు పడకండి. వాపు పోయిన కొత్తలో పళ్లు మరీ పొడవుగా, మధ్యలో ముక్కోణాకారపు సందులతో కనబడటం మామూలే. రెండు పళ్లు ఆనుకునే చోటు నుంచి ఎముక దాకా దూరం 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే, మధ్య చిగురు చాలావరకు ఆ సందును నింపుతుందని 1992లో టార్నో బృందం చూపించింది. 6 మిల్లీమీటర్లుంటే సుమారు సగం మందిలోనే నిండింది. అందుకే ముందు పళ్లలో మధ్య ఎముకను వీలైనంత ముట్టుకోరు. కొన్ని నెలలు ఆగి చూసి, అప్పటికీ సందు మిగిలితే, క్యాప్ చేసేటప్పుడు పళ్లు ఆనుకునే చోటును చిగురు వైపుకు కొంచెం పొడిగించి దాన్ని మూసేస్తారు. ఆ సందులోకి పుల్లలు మాత్రం దూర్చకండి. సన్నని ఇంటర్‌డెంటల్ బ్రష్ ఏ సైజు పడుతుందో కుట్లు తీసిన రోజే అడిగి తెచ్చుకోండి.